సంతకం పెట్టిన చేతికే స్టిక్కు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ప్రతి ఏడూ పెన్షను, క్యాంటీను, ఈసీహెచ్ఎస్ గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి మీ బొమ్మ విమానాల గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. బొమ్మ అన్నందుకు నాకేం కోపం రాలేదు. మా ఇంట్లో కూడా ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ బొమ్మ నాకేమిచ్చిందో, ఈ హాల్లో కూర్చున్న మనలాంటి వాళ్ళకు ఏమివ్వగలదో చెబుదామని వచ్చాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నేను వాయుసేనలో ముప్ఫై ఏడేళ్ళు ఎయిర్‌ఫ్రేం ట్రేడులో పనిచేసి మాస్టర్ వారంట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. తాంబరంలో ట్రైనింగు, తర్వాత ఎక్కువ కాలం కిరణ్ జెట్ ట్రైనర్ల మీద డ్యూటీ. ఆర్మీ, నేవీ మిత్రుల కోసం ఒక విషయం చెప్పాలి. మా దగ్గర ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని ఫారం 700 అంటాం. ఎయిర్‌ఫ్రేం, ఇంజను, ఎలక్ట్రికల్, రేడియో, ఇలా ఏ ట్రేడు వాడు ఆ ట్రేడు పని చూసుకుని అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నీ చూసుకున్నాక పైలట్ కూడా సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. మేం చాక్స్ లాగి, సెల్యూట్ కొట్టి, అది కనుచూపు దాటేదాకా నిలబడతాం. తిరిగి దిగేదాకా మనసు మాత్రం దానితోనే ఉంటుంది.

అలా ఎన్ని వేల సంతకాలు పెట్టానో లెక్క లేదు. స్టిక్కు మాత్రం ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదండీ. ఎవరి పని వారిది. రిటైరయ్యాక ఆ సంతకం కూడా పోయింది. ఏటా నవంబరులో "బతికే ఉన్నాను" అని పెట్టే లైఫ్ సర్టిఫికెట్ సంతకం ఒకటి మిగిలింది. ఇప్పుడు దానికీ వేలిముద్ర చాలంటున్నారు. అటువంటి రోజుల్లో నాకు దొరికిందీ వ్యాపకం. పాతకాలపు రేడియో కంట్రోల్ ఏరోబాటిక్ విమానాలను ప్లాను చూసి సొంతంగా కట్టుకుని, సొంతంగా ఎగరేయడం.

పాతకాలపువి అంటే ఏవి? కాస్త చరిత్ర చెప్పుకోవాలి. నేల మీద నిలబడి రేడియోతో చిన్న విమానాన్ని నడపడం అమెరికాలో 1930లలో మొదలైంది. మిషిగన్ రాష్ట్రం కాలమజూ పట్టణానికి చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో ఎగరేసిన 'బిగ్ గఫ్' అనే విమానం ఇప్పటికీ వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియం భద్రతలో ఉంది. ఆ తరువాత చాలా ఏళ్ళ పాటు రేడియో సెట్టుకు ఒకటే మీట. ఒకసారి నొక్కితే రడ్డర్ ఒక వైపు, రెండుసార్లు నొక్కితే రెండో వైపు. విమానంలో ఆ రడ్డర్‌ను తిప్పే శక్తి ఒక మెలిపెట్టిన రబ్బరు బ్యాండుది! లోపల బ్యాటరీ కన్నా రబ్బరు బ్యాండు మీద నమ్మకం ఎక్కువ పెట్టాల్సి వచ్చేది.

రేడియో ఏరోబాటిక్స్‌లో మొదటి ప్రపంచ పోటీ 1960లో స్విట్జర్లాండులోని డూబెన్‌డార్ఫ్‌లో జరిగింది. అది ఆ దేశపు వాయుసేన మైదానం. 1962లో ఇంగ్లాండులోని కెన్లీలో జరిగింది. 1940లో బ్రిటన్ గగన యుద్ధం నాటి ఫైటర్ స్టేషను అది. 1965లో స్వీడన్‌లోని లుంగ్‌బీహెడ్, అదీ వాయుసేన పైలట్ల స్కూలే. కనుక ఈ వ్యాపకం మన ప్రపంచానికి దూరపు చుట్టమేమీ కాదు. రన్‌వే పక్కనే పెరిగింది.

1960లో గెలిచినాయన ఎడ్ కజ్‌మిర్‌స్కీ అనే అమెరికన్. విమానం పేరు 'ఓరియన్'. ఆ తర్వాత ఆయన 'టారస్' తయారుచేశాడు. ఆ కాలంలో వాడిన రేడియోలను రీడ్ సెట్లు అనేవారు. ఇప్పటి స్టిక్కులా కొంచెం కదిపితే కొంచెం, ఎక్కువ కదిపితే ఎక్కువ అన్న సదుపాయం వాటిలో లేదు. చిన్న చిన్న స్విచ్చులు ఉండేవి. నొక్కితే ఎలివేటర్ పూర్తిగా పోతుంది, వదిలితే మధ్యకు వస్తుంది. గుండ్రటి లూపు కావాలంటే ఆ స్విచ్చును టెలిగ్రాఫ్ కొట్టినట్టు టకటకా కొడుతూ ఉండాలి. సిగ్నల్స్ మిత్రులు నవ్వుతున్నారు, వాళ్ళకు వెంటనే అర్థమైంది.

తర్వాత ప్రపోర్షనల్ రేడియోలు వచ్చాయి. వాటిని తయారుచేసిన వారిలో ఫిల్ క్రాఫ్ట్ ఒకడు. ఆయన రేడియో కంపెనీ యజమాని, విమానాల డిజైనరు, పైలట్ కూడా. 1967లో ఫ్రాన్సుకు చెందిన కోర్సికా దీవిలో జరిగిన ప్రపంచ పోటీలో తాను డిజైను చేసిన 'క్విక్ ఫ్లై 3' తో గెలిచాడు. నేను కట్టింది ఆ విమానాన్నే. ఆ పైన జో బ్రీడీ 'కేయాస్', ఆస్ట్రియా దేశస్థుడు హానో ప్రెట్‌నర్ 1977లో ప్రపంచ విజేత అయినప్పటి 'క్యురారే', ఇలా ఒక్కో విమానానికీ ఒక్కో గాథ ఉంది. ఈ డిజైన్లనే ఈనాటికీ చాలా దేశాల్లో కట్టుకుని ఎగరేస్తున్నారు. వాటికి ప్రత్యేకంగా పోటీలు పెట్టుకునే వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. బజారులో డబ్బా విప్పి అరగంటలో బిగించి ఎగరేసే ఫోమ్ విమానాలు దొరుకుతుండగా, అరవై ఏళ్ళ కిందటి డిజైను ఎందుకయ్యా? న్యాయమైన ప్రశ్న. కొత్తవి బాగా ఎగురుతాయి, నిస్సందేహంగా. వాటి లోపల బఠాణీ గింజంత జైరో ఉంటుంది. గాలి తోసినా రెక్కను అదే సర్దుతుంది. కొన్నింటికి ఒక మీట ఉంటుంది, భయం వేస్తే నొక్కితే చాలు, విమానం తనంత తాను తిన్నగా అయిపోతుంది. నేను ఏడాది పాటు నేర్చుకున్నది అలాంటి ఫోమ్ ట్రైనర్ మీదనే, మధ్యమధ్య కంప్యూటర్ సిమ్యులేటర్ మీద. నా గురువు ఇంజనీరింగ్ చదివే ఇరవై రెండేళ్ళ కుర్రాడు. "అంకుల్, మీరు స్టిక్కును స్పానర్ పట్టినట్టు పట్టుకుంటున్నారు" అని తిట్టేవాడు. ముప్ఫై ఏడేళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా నాయనా అనేవాణ్ణి.

కొత్తదాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కొత్త విమానంతో నాకు దొరకనిదేదో పాతదానితో దొరికింది. దాన్ని మూడు భాగాలుగా చెబుతాను.

మొదటిది కట్టడం. పాత విమానం డబ్బాలో రాదు, కాగితం మీద వస్తుంది. ఒకప్పటి పత్రికల్లో అచ్చయిన ప్లానులను స్కాను చేసి ఉంచారు. వాటిని ఫ్లెక్స్ బ్యానర్లు ప్రింటు చేసే షాపులో పూర్తి సైజులో తీయించుకోవచ్చు. షాపు కుర్రాడు "ఏ పార్టీ సార్?" అని అడిగాడు. బల్ల మీద ప్లాను పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద బాల్సా కర్రలను గుండుసూదులతో నిలబెట్టి అంటించుకుంటూ పోవాలి. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వచ్చే చెట్టు. దూది కన్నా కాస్త గట్టి అన్నట్టుంటుంది. ఒకే చెట్టు కర్రలో కూడా తేలిక ముక్క, బరువు ముక్క ఉంటాయి. తోకకు తేలికది, స్పారుకు గట్టిది ఏరుకోవాలి. తోకలో పది గ్రాములు ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి ముక్కులో ఎన్నో రెట్లు సీసం పెట్టాలి. తోక దూరంగా ఉంటుంది, ముక్కు దగ్గరగా ఉంటుంది కదా. మా ట్రేడు వాళ్ళకు వెయిట్ అండ్ బ్యాలెన్సు పాఠం ఇది. స్కూల్లో చదివిందాన్ని అరవై ఏళ్ళు దాటాక చేత్తో ముట్టుకున్నాను.

రెక్కల పక్కటెముకలు ఒక్కొక్కటీ కోసి, సాండ్ పేపరు కొట్టి, ఎడమ రెక్క, కుడి రెక్క బరువులు సరిపోల్చి, పైన పల్చటి పట్టు గుడ్డ కప్పి డోప్ కొట్టాలి. డోప్ ఆరుతుంటే ఆ గుడ్డ డోలు చర్మంలా బిగుసుకుంటుంది. మన వాయుసేన పైలట్లు తొలి రోజుల్లో ఎగరడం నేర్చిన టైగర్ మాత్ రెక్కలకు గుడ్డ కప్పిన పద్ధతి కూడా దాదాపు ఇదే. మా ట్రేడులో మా కన్నా ముందు తరం వాళ్ళు చేసిన పని. మేం అల్యూమినియం రివెట్ల కాలానికి వచ్చాం. పట్టు గుడ్డ అనగానే మా ఆవిడ బీరువా తాళం బొడ్డులో దోపుకున్న మాట కూడా వాస్తవం.

రెండోది ఇంజను. ఆ కాలపు పెద్ద విమానాలకు పది సీసీ టూ స్ట్రోక్ ఇంజను వాడేవారు. గుప్పిట్లో పట్టే ఆ ఇంజను నిమిషానికి పదకొండు, పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది. దానికి స్పార్కు ప్లగ్గు లేదు. 1947 ప్రాంతంలో, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే, రే ఆర్డెన్ అనే ఆయన గ్లో ప్లగ్గును బజారులోకి తెచ్చాడు. అందులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి ఇంజను స్టార్ట్ చేస్తాం. తర్వాత బ్యాటరీ తీసేసినా, మెథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ జరిగే చర్య వల్ల, ఇంజను వేడి వల్ల, తీగ ఎర్రగానే ఉండిపోతుంది.

ఇంధనం మెథనాల్, కొద్దిగా నైట్రోమీథేన్, ఇక నూనె? మన ఆముదం! తలకు రాసుకునేది కాదు, బాగా శుద్ధి చేసింది. పాలమూరు, నల్లగొండ చేలలో చిన్నప్పుడు ఆముదపు కాయలు ఏరినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆ ఆముదానికి విమానయానంలో పెద్ద చరిత్రే ఉంది. ఎంత వేడెక్కినా అది లోహాన్ని వదలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్లకు వాడిన నూనె అదే. 1917లో బ్రిటిష్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో 28వ స్క్వాడ్రన్ తరఫున యుద్ధం చేసిన మన హర్‌దిత్ సింగ్ మాలిక్ నడిపిన సాప్‌విత్ క్యామెల్ కూడా ఆముదం తాగిన విమానమే. కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదాన్ని ఇంగ్లీషులో పిలిచే మాట నుంచే వచ్చింది. ఈ ఇంజను పొగ వాసన ఒకసారి పీల్చినవాడు మరచిపోడు. నాకైతే అందులో మా ఊరి గానుగ, హ్యాంగరు రెండూ కలిసి కనిపిస్తాయి.

ఇంజనును సర్దడం పూర్తిగా చెవి పని. సూది వాల్వు తిప్పుతుంటే మొదట గరగరమంటుంది, క్రమంగా గొంతు సన్నబడి ఒకచోట కూత అందుకుంటుంది. అక్కడ ఆపకూడదు. రెండు మూడు నొక్కులు వెనక్కి తిప్పాలి. ఎందుకంటే పైకి నిలువుగా ఎక్కేటప్పుడు ట్యాంకులోంచి ఇంధనం అందడం తగ్గుతుంది, అక్కడ ఇంజను ఎండిపోతుంది. అందుకే స్టార్ట్ చేశాక విమానం ముక్కు పైకెత్తి పట్టుకుని ధ్వని వింటాం. పిల్లలు వింటున్నారు గనుక ఒక హెచ్చరిక. మెథనాల్ విషం, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనపడదు. ప్రొపెల్లర్ వేళ్ళు కోసేస్తుంది, కర్రతోనే తిప్పాలి. పెద్దలు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

మూడోది ఎగరేయడం. క్విక్ ఫ్లై రెక్కల నిడివి సుమారు అయిదడుగులు. నాది మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. రెక్క పైభాగం వంపు, కిందిభాగం వంపు ఒకటే. అందువల్ల బోర్లా కూడా తిన్నగా ఎగురుతుంది. అయితే దాని లోపల నన్ను సరిదిద్దేది ఏదీ లేదు. నేను ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. నేను వంకరగా పెడితే ఆ వంకరనే మోసుకుపోతుంది. ఈనాటి ప్రపంచ ఏరోబాటిక్ పోటీల్లో కూడా జైరోతో సర్దే పరికరాలు నిషిద్ధమే, అక్కడ కొలిచేది మనిషి చెయ్యి గనుక. ఒక్కో విన్యాసానికి పది మార్కులు. పదిహేను డిగ్రీల వంకరకు ఒక మార్కు చొప్పున పోతుంది. ఆ మార్కును విన్యాసం ఎంత కష్టమో దాన్ని బట్టి హెచ్చిస్తారు.

స్లో రోల్ ఒక్కటి చెబుతాను, దీన్ని బట్టి మిగిలినవి ఊహించుకోండి. విమానం తిన్నగా వెళ్తూ తన ఇరుసు మీద తాను నిదానంగా ఒక్క చుట్టు తిరగాలి. ఎత్తు మారకూడదు, దిశ మారకూడదు. కుడి చేతి బొటనవేలు ఎయిలరాన్‌ను కొద్దిగా పట్టి ఉంచుతుంది. రెక్కలు నిలువుగా వచ్చేసరికి ఎత్తు నిలబెట్టే రెక్క ఇక పనిచేయదు. ముక్కు జారకుండా ఆకాశం వైపుకు రడ్డర్ ఇవ్వాలి. బోర్లా అయ్యేసరికి రడ్డర్ వదిలి ఎలివేటర్‌ను ముందుకు తోయాలి. మళ్ళీ నిలువైతే ఈసారి రెండో వైపు రడ్డర్. ఇదంతా నాలుగైదు సెకన్లలో, గంటకు నూటముప్ఫై కిలోమీటర్ల వేగంతో పోతున్నదానికి, నేల మీద నిలబడి చేయాలి. కాక్‌పిట్‌లో ఉన్న పైలట్‌కు కుడి ఎప్పుడూ కుడే. మనకు విమానం ఎదురుగా వస్తుంటే కుడి ఎడమలు తారుమారు. బోర్లా ఉంటే పైకీ కిందకీ కూడా తారుమారు. చేతికి అలవాటు కావాలి తప్ప ఆలోచిస్తే టైము చాలదు.

అయినా ఆ పాత విన్యాసాల్లో ఒక తీరిక ఉంది. ఇప్పటి పోటీల్లో ఒక విన్యాసం అయిన వెంటనే చివర మలుపు కూడా విన్యాసమే, ఊపిరి తీసుకోనివ్వరు. అప్పట్లో ఒకటి చేసి, విశాలంగా తిరిగి వచ్చి, జడ్జీల ముందు రెండోది మొదలుపెట్టేవారు. పెద్ద పెద్ద లూపులు, స్టాల్ టర్నులు, మూడు చుట్ల స్పిన్. నా వయసు వాడికి ఆ తీరిక సరిపోతుంది. చూసేవాళ్ళకు కూడా ఆ గీతలు కంటికి అందుతాయి. సూర్యకిరణ్ జట్టు ప్రదర్శన చూసినవాళ్ళకు ఆ పెద్ద గీతల అందం నేను చెప్పక్కర్లేదు.

ఈ మూడూ కలిసేచోట నాకు దొరికిందేమిటో ఒక సంగతి ద్వారా చెబుతాను. మన సంఘంలోనే ఒక వింగ్ కమాండర్ గారున్నారు. పేరు చెప్పవద్దన్నారు. ఒకప్పుడు నేను సంతకం పెట్టిన కిరణ్‌లు ఆయన ఎన్నోసార్లు నడిపారు. భార్య పోయాక పిల్లలు విదేశాల్లో, ఆయన ఒక్కరే ఫ్లాటులో ఉండేవారు. మా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే ఆయనే అని తెలిసిపోయేంతగా ఆ నాలుగు నెలలు మా ఇంటికి వచ్చి ఈ విమానం కట్టడంలో చెయ్యి వేశారు. సాండ్ పేపరు కొట్టి రెక్క నా ముందు పెట్టి, "చాలా వారంట్ గారూ?" అనేవారు. నేను వేలితో తడిమి, "ఇంకాస్త సార్" అనేవాణ్ణి. మళ్ళీ కొట్టేవారు. ఒకరోజు "నా సర్వీసంతా మీ పని పుస్తకంలో సంతకం రూపంలోనే చూశాను. దాని వెనక ఇంత ఉందా?" అన్నారు. ఆ మాట కోసం నేను ఎప్పుడూ ఎదురుచూడలేదు, కాని విన్నాక చాలాసేపు పని సాగలేదు.

మొదటిసారి ఎగరేసే రోజు వచ్చింది. బెంగళూరు శివార్లలో రాగి పంట కోసేశాక ఒక రైతు వాడుకోనిచ్చిన పొలం. నేను ఒక నోటుబుక్కులో గీతలు గీసి మా సొంత ఫారం 700 తయారుచేశాను. ఎయిర్‌ఫ్రేం, ఇంజను, రేడియో, బ్యాటరీ, బరువు, బ్యాలెన్సు, రేంజ్ చెక్. అన్నిటి ఎదురుగా నా సంతకమే. కెప్టెన్ అన్న గడి ఒకటి మిగిలింది. నేను ట్రాన్స్‌మిటరు వింగ్ కమాండర్ గారి చేతికి ఇచ్చి, "సార్, మీరు మొదట" అన్నాను. అలవాటు అది. ఆయన పుస్తకం చూశారు, నా వైపు చూశారు. "సంతకాలన్నీ మీవి. స్టిక్కు కూడా మీదే" అని ట్రాన్స్‌మిటరు వెనక్కి ఇచ్చి, తనే వంగి చక్రం కింద పెట్టిన కర్రముక్క లాగి, పక్కకు జరిగి సెల్యూట్ కొట్టారు.

ఆ గడిలో నేను సంతకం పెట్టాను. విమానం ఎగిరింది. ఆ రోజు నేను చేసింది రెండు లూపులు, ఒక రోల్, ఒక దిగడం. జడ్జీలుంటే ఎన్ని మార్కులు వేసేవారో గాని, నాలుగు నెలల పని ఆరు సెకన్లలో నేలపాలు కావచ్చన్న భయం, అది నా చేతిలోనే ఉందన్న ధైర్యం, రెండూ ఒకేసారి అనుభవించాను. పైలట్లు రోజూ ఇది మోసేవారని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకు మా పని తెలిసింది, నాకు ఆయన పని తెలిసింది. కొనుక్కున్న విమానంతో ఇది జరగదు. కూలిపోతే ఇంకోటి కొనుక్కుంటాం, దాని లోపల ఏముందో మనకు తెలియకపోయినా అది ఎగురుతుంది. పాత విమానం మాత్రం ఫిట్టరునూ పైలట్‌నూ ఒకే మనిషిలో నిలబెడుతుంది. నేను చెప్పొచ్చిన మాట ఇదే.

ఇది నా ఒక్కడి ముచ్చటైతే మీ టైము తీసుకునేవాణ్ణి కాదు. మనవాళ్ళు చాలామంది నలభై ఏళ్ళు నిండకుండానే యూనిఫారం విప్పేస్తారు. ఈఎంఈలో ఇంజన్లు విప్పి బిగించినవాడు, నేవీలో టర్బైను చప్పుడు విని రోగం చెప్పినవాడు, ఈరోజు ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చీపోయే బళ్ళ నంబర్లు రాస్తున్నాడు. అది గౌరవమైన పనే, ఇల్లు నడవాలి. కాని ఆ చేతుల్లో ప్రభుత్వం పదిహేను, ఇరవై ఏళ్ళు కష్టపడి పెట్టిన విద్య ఉంది. వాడకపోతే అది తుప్పు పడుతుంది, మనతోనే పోతుంది.

మరోవైపు కాలం చూడండి. ఇప్పుడు ఎక్కడ విన్నా డ్రోన్ల మాటే. వాటి పుట్టుక కూడా ఈ బొమ్మల దగ్గరే ఉంది. 1935లో బ్రిటన్ టైగర్ మాత్ కుటుంబం నుంచే 'క్వీన్ బీ' అనే పైలట్ లేని విమానాన్ని గన్నర్ల ప్రాక్టీసు కోసం తయారుచేసింది. డ్రోన్ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చిందంటారు. అమెరికాలో రెజినాల్డ్ డెన్నీ అనే సినిమా నటుడు మోడల్ విమానాల షాపు పెట్టి, ఆ సరదాతోనే రేడియోప్లేన్ కంపెనీ నడిపి, రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు పదిహేను వేల టార్గెట్ విమానాలు సరఫరా చేశాడు. ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఒక సైనిక ఫోటోగ్రాఫర్ కంటబడ్డ అమ్మాయే తర్వాత మార్లిన్ మన్రో అయింది. మన డీఆర్‌డీవో బెంగళూరులో తయారుచేసిన 'లక్ష్య' కూడా ఆ వంశానిదే. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మన పిల్లలు ఏరోమోడలింగ్ నేర్చుకుంటున్నారు. వాళ్ళకు బజారులో విమానం దొరుకుతుంది, ఇంటర్నెట్టులో వీడియో దొరుకుతుంది. రెక్క మీద వేలు పెట్టి "ఇంకాస్త" అని చెప్పే మనిషి దొరకడు. ఆ మనుషులు ఈ హాల్లో ఉన్నారు.

అందుకని సంఘానికి నాదొక ప్రతిపాదన. ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ హాల్లోనే రెండు బల్లలు వేయించండి. ఒక పాత డిజైను ఎంచుకుందాం. మొదటిది 'అగ్లీ స్టిక్' అయితే మేలు. అదీ ఫిల్ క్రాఫ్ట్ డిజైనే. పేరుకు తగ్గట్టు అందవికారంగా, పెట్టెలా ఉంటుంది, కట్టడం తేలిక, దెబ్బలు తట్టుకుంటుంది. ఒక్కో బల్లకు ఇద్దరు పెద్దలు, నలుగురు పిల్లలు. ర్యాంకు గుమ్మం బయట వదిలేద్దాం. ఇంధనానికి, కర్రకు ఖర్చుంది, దాచను, కాని నలుగురు పంచుకుంటే భారం కాదు. చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశాన్ని రెడ్, ఎల్లో, గ్రీన్ జోన్లుగా విభజించారు. గ్రీన్ జోన్ మామూలుగా 400 అడుగుల ఎత్తు వరకే. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. మ్యాపు చూసుకుని, నియమాలు చదువుకుని, పొలం యజమానిని అడిగి, జనానికి దూరంగా ఎగరేద్దాం. కంటోన్మెంటు దగ్గర సరదాలు వద్దని మీకు నేను చెప్పనక్కర్లేదు.

నాకు అరవై ఎనిమిది నిండాయి. కంటిశుక్లం ఆపరేషను ఒక కన్నుకు అయింది, రెండోది క్యూలో ఉంది. ఇంకా ఎన్నేళ్ళు స్లో రోల్ చేస్తానో తెలియదు. చూపు తగ్గినా వేలితో తడిమి రెక్క సంగతి చెప్పగలను, చెవితో ఇంజను సంగతి చెప్పగలను. అవి ఉన్నంతలోనే ఎవరికైనా అప్పజెప్పాలని నా కోరిక. నోటుబుక్కు బయట బల్ల మీద ఉంచాను. ఆసక్తి ఉన్నవాళ్ళు పేరు, ట్రేడు రాసి, పక్కన సంతకం పెట్టండి. పిల్లలైతే ట్రేడు గడి ఖాళీగా వదిలేయండి, దాన్ని మనం నింపుదాం.

 జై హింద్.